వదినగారింటి బొద్దింకలు

మా మరిదికి ఒకటే పిచ్చి, బొద్దింకలు. ఎవరింటికెళ్లినా మనుషుల్ని పలకరించడు. తిన్నగా వంటగదిలో దూరి గట్టు కింద వెతుకుతాడు. పురుగుమందుల మీద పరిశోధన చేసే లాబులో ఉద్యోగం. పెళ్లీ పెటాకులూ లేవు.

మా ఆయన పోయినప్పుడు చుట్టాలంతా నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, ఈ మహానుభావుడు పొయ్యిగట్టు కింద బోర్లా పడుకుని, "వదినా, మీ ఇంట్లో మంచి బొద్దింకలున్నాయి. రోజూ వచ్చి పట్టుకెళ్లనా?" అన్నాడు.

"పట్టుకెళ్లు నాయనా, అన్నీ నీ పేరునే రాసిస్తా" అన్నాను.

చుట్టాలు వెళ్లిపోయారు. అతను మాత్రం రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని దిగేవాడు.

"మందు కొట్టినా ఇవి చావవేమయ్యా?"

"వీటి ఒంట్లో కూలీలుంటారు వదినా. ప్రోటీన్లంటాం. మందు లోపలికి రాగానే గట్టిగా పట్టేసుకుని, నరాల దాకా పోనివ్వకుండా పక్కకి మోసుకుపోతాయి."

"మీ అన్న నన్ను కట్టుకుని ఒక్క చెంబుడు నీళ్లైనా మోశాడా? పురుగే నయం!"

నవ్వి, టీ తాగి వెళ్లేవాడు. ఇక మర్నాటి దాకా ఇంట్లో మనిషి చప్పుడుండేది కాదు. నా దగ్గుకి నేనే ఉలిక్కిపడి "ఎవరూ?" అనేదాన్ని.

ఇంతలో ఇంటి ఓనరు ఏదో కొత్త మందు కొట్టించాడు. ఒక్క బొద్దింక మిగిలితే ఒట్టు. ఆ కూలీలంతా సమ్మె చేశారో ఏమో!

మరిది వంగి చూసి, "లేవా వదినా?" అన్నాడు. గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

సిగ్గు పక్కన పెట్టి పక్కింటి తలుపు కొట్టాను.

"అమ్మాయ్, ఒక బొద్దింక ఇస్తావా?"

"చచ్చిందా, బతికిందా పిన్నిగారూ?"

"బతికిందే. కాస్త బలిసింది చూసి ఇవ్వు."

సీసాలో పెట్టుకుని లాబుకెళ్లాను. అక్కడి అమ్మాయి చూసి వెనక్కి గెంతింది.

"మామ్మగారూ, బయటివి లోపలికి తేకూడదు! ఏ ఇంట్లో ఏ మందు తిన్నాయో తెలీదు, మా పరీక్షలన్నీ పాడైపోతాయి. మావి మేమే పెంచుకుంటాం."

చూద్దును కదా, గోడ పొడవునా గాజుపెట్టెల్లో పుట్టలు పుట్టలుగా బొద్దింకలు!

"మరి మీ సారు రోజూ తెచ్చేవి?"

"సారు ఎప్పుడూ ఒక్కటి కూడా తేలేదే!"

సారు తలుపు దగ్గరే ఉన్నాడు, చెవులు ఎర్రబడిపోయి.

"నావన్నీ ఏం చేశావయ్యా?"

"మీ వెనక సందులో వదిలేసేవాణ్ణి వదినా."

"నువ్వు వీధి దాటేలోపే అవి ఇల్లు చేరేవి కదయ్యా!"

"అందుకేగా, ఎప్పుడూ అయిపోలేదు."

అన్న ఇంటికి రావడానికి బొద్దింక సిఫార్సు కావాలా అని కడిగేద్దామనుకున్నాను. మొహం చూస్తే, ఆ మాటంటే జన్మలో మళ్లీ గుమ్మం తొక్కడనిపించింది. నోరు మూసుకున్నాను. నాకది అలవాటు లేని పని.

నేల చూస్తూ, "చీమలైనా ఉన్నాయా వదినా?" అన్నాడు.

"ఎందుకుండవు? బారులు తీరి ఉన్నాయి" అన్నాను.

దారిలో చక్కెర కొనుక్కుని ఇంటికెళ్లాను.