కూర్చుని తీర్చుకున్న మొక్కు

మా ఇంటి వెనక బడి మైదానంలో ఈల మోగితే చాలు, నా వేళ్ళు వాటంతటవే మణికట్టు మీది నాడి దగ్గరికి పోతాయి. మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ! ఆ అలవాటు చేసినవారు మునిరత్నం అయ్యవారు. తిరుపతిలో నేను గుమాస్తాగా పనిచేసిన బడిలో ఆయన డ్రిల్లు చెప్పేవారు. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ ఈల. అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి రోజులవి. కొండకు ఇంకా బస్సు రాలేదు. నా భార్య సుబ్బమ్మ కష్టమైన కాన్పు నుంచి బతికి బయటపడితే, ఏడాది పాటు ప్రతి శనివారం ఎక్కడా కూర్చోకుండా కొండ ఎక్కుతానని మొక్కుకున్నాను. ఆమె బతికింది, బిడ్డా దక్కింది. వారమంతా కుర్చీకి అతుక్కుపోయేవాణ్ణి. శనివారం వస్తే అలిపిరి నుంచి ఒకటే పరుగు. నిజం చెప్పొద్దూ, అందులో భక్తి ఎంతో, నన్ను చూడండనే గొప్ప కూడా అంతే.

ఒక శనివారం మోకాళ్ళ పర్వతం దగ్గర గుండె గట్టున పడ్డ చేపలా ఎగిరెగిరి పడింది. ఒళ్ళంతా చెమట, వణుకు. "సామి ఒంటిమీదికి వచ్చినాడు, గోవిందా!" అంటూ యాత్రికులు నా కాళ్ళకు మొక్కారు. నేనూ నమ్మేశాను! మరుసటి శనివారం అక్కడే కుప్పకూలాను. డోలీలో కిందికి మోసుకొచ్చారు.

గుండె లయ తప్పుతోందనీ, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమనీ డాక్టరు చెప్పారు. ఆ కొన్నాళ్ళను నేను నెలలు చేశాను. మంచం దిగితే ప్రాణం పోతుందని భయం. బాలింతరాలు సుబ్బమ్మ బావి నుంచి నీళ్ళు మోస్తుంటే పడుకుని చూసేవాణ్ణి. అప్పుడొచ్చారు అయ్యవారు.

"ఏమప్పా, ఇంకా పండుకోనే ఉండావా? లెయ్."

"లేస్తే పోతానండీ."

"పండుకున్నోళ్ళు పోరా ఏమి? పద, డాక్టరునే అడగదాం. ఆయన వద్దంటే నేను నోరెత్తను."

రోజూ మెల్లగా నడవమనీ, ఆయాసం వస్తే ఆగమనీ డాక్టరు అన్నారు. బయటికి రాగానే అయ్యవారు తన చెయ్యి చాచి, నాడి పట్టి చూడమన్నారు. రెండు మూడు సార్లు కొట్టుకుని, ఆగి, తడబడి, మళ్ళీ అందుకుంది.

"వయసులో పందేలకు దండీలు తీసి తీసి కూలబడినాను. ఆపొద్దు నుంచి ఇది ఇట్లే ఉండాది. డాక్టరు ఎరుకతోనే నడస్తా ఉండా. దినామూ కొంచెం, అంతే. సచ్చేట్టు అంతా ఒక్క దినమే కాదబ్బా."

ఇంతకాలం డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పుకోని సంగతి నా కోసం బయటపెట్టారు. ఆ పూట ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

మర్నాటి నుంచి తిరుచానూరు దారిలో మా నడక. నడుస్తూ మాట్లాడాలి, అదీ ఆయన పద్ధతి. రాత్రి సంగటిలోకి ఏం కూరని అడిగేవారు. జవాబు చెప్పలేక రొప్పితే ఈల ఊదేవారు. ఈల మోగితే ఆగి, నాడి పట్టి చూసుకోవాల్సిందే. అలా మెల్లమెల్లగా గుండె కుదుటపడింది. నీళ్ళ బిందె మళ్ళీ నా భుజానికెక్కింది.

డాక్టరు సరేనన్నాక, మిగిలిన మొక్కు తీర్చడానికి అయ్యవారూ, సుబ్బమ్మా, నేనూ బిడ్డతో సహా బయలుదేరాం. మొదటి మండపం దగ్గరే ఈల మోగింది.

"కూర్చుంటే మొక్కు చెడుతుంది," అన్నాను.

"సామికి నువ్వు కావల్నా, నీ రొప్పు కావల్నా? కూసో!"

ప్రతి మండపం దగ్గరా కూర్చోబెట్టారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక కుర్రాడు దూకుతూ పోతూ, "ఏమన్నా, అప్పుడే అలిసినారా?" అని వెక్కిరించాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. లేవబోయాను. ఇంతలో సుబ్బమ్మ బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మొక్కింది నా పానం కోసరమే కదా? నేను బతికినాను. ఇంగ ఈ బిడ్డకు నాయన కావల్ల."

అయ్యవారు ఈల ఊదలేదు. నేనే కూర్చుండిపోయాను.

అయ్యవారు నిండు వయసు దాకా నడిచి నడిచి వెళ్ళిపోయారు. నేనూ, సుబ్బమ్మా ఇప్పటికీ పొద్దున్నే నడుస్తాం, రాత్రి కూర గురించి మాట్లాడుకుంటూ. మాట తడబడితే ఆగుతాను. ఎవరు చూస్తున్నా సరే, అక్కడే కూర్చుంటాను.