బేసిన్ కింద తొమ్మిది రోజులు

నా దగ్గర రెండు నోటు పుస్తకాలు ఉంటాయి. ఒకదానిలో చర్చి ఆవరణలోని బావిలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో రోజూ పొద్దున రాస్తాను. రెండోదానిలో మా ఇంటి నుంచి ఏ వస్తువు ఎవరికి ఇచ్చానో, ఏ రోజు తిరిగొచ్చిందో రాస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. రాయకపోతే నాకు తోచదు.

మాది బద్వేలుకు పదకొండు మైళ్ళ దూరంలో ఒక పల్లె. చర్చి చుట్టూ నలభై రెండు ఇళ్ళు. అందరికీ తాగే నీళ్ళు ఆ బావివే. వేసవిలో బావి నీళ్ళు ఆరడుగుల కంటే తగ్గితే మాకు రోజుకొక ట్యాంకరు పంపాలి. ఇదివరకు ఒకరు బద్వేలు పోయి నీళ్ళ ఆఫీసులో మొరపెట్టుకుంటే, ఇంకొకరు వచ్చి చూసి సంతకం పెడితే, అప్పుడు ట్యాంకరు కదిలేది. ఈలోపు ఆడవాళ్ళం బిందెలు ఎత్తుకుని మైలున్నర నడిచి ఒక చీనీకాయల తోట బోరు దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళం. పోయిన ఏడాది మార్చిలో ఆ తిప్పలు తప్పిస్తామని ఒక పెట్టె తెచ్చారు.

అన్నం క్యారియరు గిన్నెంత తెల్ల పెట్టె, బావి గట్టు మీద బిగించారు. దాన్నుంచి ఒక వైరు బావి లోపలికి దిగింది. బిగించడానికి వచ్చిన ఇంజనీరమ్మాయిది కర్నూలు.

"ఇందులో సిమ్ము ఉండాది అవ్వా, కానీ ఫోను మాదిరి కాదు," అంది. "ఫోను పొద్దస్తమానం మేలుకోనుంటాది, అందుకే దినామూ చార్జింగు పెట్టాల. ఇది నిద్రపోతాంటాది. పొద్దున ఆరుకొకసారి, సాయంత్రం ఆరుకొకసారి లేసి, నీళ్ళు ఇన్ని అడుగులుండాయని రెండు ముక్కలు చెప్పి మళ్ళా పండుకుంటాది. బ్యాటరీ పదేండ్లు వస్తాది."

"మా ఇంటాయన మాదిరి అని చెప్పరాదా," అంది మా పక్కింటామె. "ఆయప్ప లేసేదీ రెండుసార్లే, చెప్పేదీ రెండు ముక్కలే. అన్నం పెట్టు, మంచం వాల్చు."

పక్కింటామె నాకంటే రెండేళ్ళు చిన్నది. యాభై ఏళ్ళుగా గోడకు అవతల ఆమె, ఇవతల నేను.

ఈ పద్ధతిని ఏమంటారో చెప్పమని ఆ అమ్మాయిని అడిగాను. ఎన్‌బీ ఐఓటీ అంది. ఒక్కో అక్షరం చెప్పించుకుని రాసుకున్నాను. సెల్ టవరు సిగ్నల్‌లోనే ఒక సన్నని పాయను ఇలాంటి కదలని వస్తువులకు వదిలారట. మాట మెల్లగా పోతుంది కానీ గోడల చాటు నుంచి, గుంతల లోపల నుంచి కూడా టవరుకు వినపడుతుందట. ట్యాంకరు లారీకి పెట్టేది దీని అక్క లాంటిది, ఎల్‌టీఈ ఎం. బండి ఒక టవరు దాటి ఇంకో టవరు కిందికి పోతున్నా దాని మాట తెగదట. అదీ రాసుకున్నాను.

"ఇంగ మీరు తాడు ఏసి కొలిచే పని లేదవ్వా," అంది పోతూ పోతూ.

నేను తాడు మానలేదు. రోజూ పొద్దున ఆరింటికి ముడుల తాడుకు రాయి కట్టి బావిలోకి వదులుతూనే ఉన్నాను. పక్కింటామె నవ్వేది. "పెట్టె చెప్తాండాది కదక్కా, నీకెందుకు ఈ అగసాట్లు?"

"అది ఆఫీసుకు చెప్తుంది. నాకు చెప్పదు కదా."

మా వైపు ఎండలో ఉన్న దేన్నీ ఊరికే వదిలిపెట్టరు. నీళ్ళ కుండకు తడిగుడ్డ చుడతారు, మోటారు స్టార్టరుకు తాటాకు కప్పుతారు, కోడిపిల్లల మీద గంప బోర్లిస్తారు. ఏప్రిల్ మొదలయ్యేసరికి పక్కింటామె ఆ పెట్టె మీద తన కోళ్ళ గంప బోర్లించింది. పాపం, లోపల నిద్రపోయేదానికి ఎండ తగలకూడదని. ఏమీ కాలేదు. పెట్టె తన రెండు మాటలు తాను చెప్పుకుంటూనే ఉంది. మే నెలలో ఒక సోమవారం సాయంత్రం ఎవరి మేకో ఆ గంపను కిందికి లాగి విరగ్గొట్టింది. మర్నాడు పొద్దున నేను తాడు తీసుకుని పోయేసరికి పెట్టె మీద సత్తు బేసిన్ ఉంది, బేసిన్ మీద రాయి ఉంది.

ఆ సోమవారం బావిలో ఏడడుగులు. అప్పటి నుంచి రోజుకు నాలుగంగుళాల లెక్కన దిగింది. శుక్రవారానికి ఆరుకంటే తగ్గింది. ట్యాంకరు రాలేదు. వస్తుందిలే, పెట్టె చెప్పింటాది కదా అని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ పై బుధవారానికి నాలుగడుగులు. బిందెలో బురద వచ్చింది. బాలింత ఉన్న ఇంటివాళ్ళు అప్పటికే తోట బోరుకు నడవడం మొదలుపెట్టారు.

ఆఫీసుకు ఫోను చేశాను.

"మీ బావిలో ఏడడుగులకు రెండంగుళాలే తక్కువమ్మా. స్క్రీను మీద కనపడ్తాండాది. ఆరుకు దిగితేనే కదా ట్యాంకరు," అన్నాడు గుమాస్తా.

"ఏ రోజుదప్పా ఆ లెక్క?"

కీబోర్డు టకటకలాడింది. "పోయిన వారం సోమవారం సాయంత్రానిది."

"ఈరోజు బుధవారం. రాసుకో," అని తొమ్మిది రోజుల లెక్కా చదివాను.

మధ్యాహ్నానికే ఇంజనీరమ్మాయి వచ్చింది. బావి చుట్టూ ఇరవై మంది దాకా చేరారు. బేసిన్ చూడగానే ఆ అమ్మాయి తల పట్టుకుంది.

"సత్తుదయినా ఇనుముదయినా బోర్లిస్తే మాట బయటికి రాదవ్వా. వెదురు గంపయితే ఏం కాదు. ఇది లోపల చెప్పిందే చెప్తా ఉండింటాది. టవరుకు వినపడలేదని మళ్ళా మళ్ళా చెప్తాది. పదేండ్ల బ్యాటరీ ఊరికే అరిగిపోతాది."

అందరి కళ్ళూ పక్కింటామె మీదికి తిరిగాయి.

"ఏం వదినా, పెట్టెకు నీడ జేసి మా గొంతులు ఎండబెడ్తివే," అంది ఒకామె.

"కోడి మాదిరి గుడ్లు పెడ్తాదనుకొనిందేమో పెట్టె," అంది ఇంకొకామె.

పక్కింటామె నేల చూసింది. ఒకటంటే నాలుగు అనే మనిషి ఒక్కమాట అనలేదు.

"ఎప్పుడు కప్పినారు?" అని అడిగింది ఇంజనీరమ్మాయి. తేదీ అంటే అందరూ నన్నే చూస్తారు. ఇంటికి పోయి రెండో పుస్తకం తెచ్చి పేజీ తీశాను. వేలు ఆ వరుస మీద ఆగింది. చదవకముందే నాకు గుర్తొచ్చింది. పుస్తకం మూసేయవచ్చు. పక్కింటామె ఎలాగూ చెప్పేట్టు లేదు. అయినా చదివాను.

"సోమవారం, సాయంత్రం ఏడుకు. పక్కింటామె పెట్టె మీదికి గోనెసంచి అడిగింది. గోనె చివికిపోతుందని చెప్పి సత్తు బేసిన్ ఇచ్చాను. గాలికి పడకుండా పైన రాయి పెట్టమన్నాను."

పక్కింటామె తలెత్తింది.

"దేవునికి స్తోత్రం," అంది. "నీదొక తప్పు దొరుకుతాదేమోనని యాభై ఏండ్ల నుంచి ఎతుకుతాండా అక్కా. నువ్వే రాసిపెట్టింటావని తెలీకపాయె."

ముందు నవ్వింది నేనే అనుకుంటాను. తర్వాత అందరూ నవ్వారు.

ఇంజనీరమ్మాయి పెట్టె పక్కన ఏదో నొక్కి దాన్ని నిద్ర లేపింది. బయటికి రాని లెక్కలన్నీ అది దాచిపెట్టుకుందట. పదిహేడు లెక్కలు ఒకదాని వెంట ఒకటి ఆమె ఫోనులోకి వచ్చాయి. పొద్దుటి లెక్కలు తొమ్మిదీ నా పుస్తకం పక్కన పెట్టి చూశాం. ఏడు సరిపోయాయి. రెండింటికి ఒక్కో అంగుళం తేడా.

"ఇది ఎవరి తప్పవ్వా?"

"అక్కది తప్పుండదులే పాపా," అంది పక్కింటామె వెంటనే.

"తాడు తడిసి సాగింటాది. నాదే రాసుకో," అన్నాను.

గురువారం పొద్దున ఏడూ నలభైకి ట్యాంకరు వచ్చింది. ముందు బాలింత ఇంటికి రెండు బిందెలు పంపాం. ట్యాంకరు పైపు మొదట్లో నీళ్ళు కారిపోతుంటే పక్కింటామె ఆ బేసిన్ తెచ్చి కింద పెట్టింది. వేసవి అయ్యేదాకా అది అక్కడే ఉంది. ఇప్పుడు ఆమె పెరట్లో ఉంది, కోళ్ళు అందులో నీళ్ళు తాగుతాయి. పెట్టె మీద కొత్త వెదురు గంప ఉంది, అది నేను కొనిచ్చింది. నా రెండో పుస్తకంలో బేసిన్‌కు ఎదురుగా తిరిగొచ్చిన తేదీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నేను అడగలేదు.