మా సడ్డకుణ్ణి లేపడానికి కొన్న ఇటలీ కుర్చీలు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. పామును చూశానని నేనంటే మా ఇంట్లో వాళ్లు వానపామును వెతుకుతారు. కాబట్టి ఇందులో ఏదైనా మరీ పెద్దగా కనిపిస్తే మీరే కాస్త కోసుకోండి. ఒక్క పగను మాత్రం కోయకండి. దాన్ని నేను ఇంచు కూడా పెంచలేదు.

పగ ఎవరి మీదంటే, మా ఆవిడ అక్క మొగుడి మీద. అంటే నా సడ్డకుడి మీద. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆయన హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి నల్లగొండ నుంచి నేను, మా ఆవిడ, మా అమ్మ పోయాం. ఆ ఇంట్లో పూజ దేవుడికి జరిగింది గానీ మర్యాద అంతా డైనింగ్ టేబుల్‌కే జరిగింది. దాని చుట్టూ ఆరు పాత ఇటలీ కుర్చీలు. కొంగ కాళ్లలాంటి సన్నటి కాళ్లు, గడ్డిని పేని అల్లిన సీటు. సడ్డకుడు ఆ కుర్చీలను పరిచయం చేసినంత గౌరవంగా సొంత తమ్ముణ్ణి కూడా ఎన్నడూ పరిచయం చేయలేదు. 'వింటేజ్' అనే మాట ఆ పూట నూటపదహారు సార్లు అన్నాడు. పంతులు మంత్రాల్లో కూడా రెండు చోట్ల వినబడ్డట్టే ఉంది.

పూజ అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. పొద్దున్నుంచి అమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. టేబుల్ మీద కంచం పెట్టగానే కుర్చీ ఎక్కి, తన అలవాటు ప్రకారం రెండు కాళ్లూ పైకి మడుచుకొని బాసింపట్టు వేసుకుంది. పప్పన్నం కలిపింది. మొదటి ముద్ద నోటి దాకా వెళ్లగానే సడ్డకుడు ఉరికొచ్చాడు.

"చిన్నమ్మా, చిన్నమ్మా! జర లే! గది నులక మంచం గాదు, ఇటలీది! నీ కాళ్ల కడియాలు తాకితే గడ్డి తెగుతది!"

అమ్మ లేచింది. సడ్డకుడే బాల్కనీలో నుంచి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు తెచ్చి గోడ పక్కన వేశాడు. బట్టలు ఆరేసేటప్పుడు ఎక్కే స్టూలు అది. కలిపిన కంచం చేత పట్టుకొని, అరవై మంది చుట్టాల ముందు నడిచి వెళ్లి, అమ్మ దాని మీద కూర్చుంది. ఇరవై మందే ఉన్నారని మా ఆవిడ అంటుంది. నాకైతే అరవై మందే కనిపించారు.

తిరుగు బస్సు ఎల్బీనగర్ దాటకముందే నేను శపథం చేశాను. అచ్చం అలాంటి కుర్చీలే కొంటాను. సడ్డకుణ్ణి భోజనానికి పిలుస్తాను. ముద్ద నోటి దగ్గరికి పోగానే, "అన్నా, జర లే" అంటాను. ఆ మూడు మాటలను ఏడాదిన్నర పాటు రోజూ స్నానం చేస్తూ సాధన చేశాను. పక్కింటాయన నేను కొత్తగా ఏదో జపం పట్టాననుకున్నాడు.

కుర్చీల కోసం హైదరాబాద్‌లో పాత ఫర్నిచర్ అమ్మే షాపుకు పదకొండు సార్లు తిరిగాను. అక్కడ పేముతో అల్లినవి ఉన్నాయి. జల్లెడలా చిల్లులు చిల్లులు. వాటిలో పది నిమిషాలు కూర్చుని లేస్తే మన వెనక చదరంగం ఆడుకోవచ్చు. ప్లాస్టిక్ తీగలతో అల్లినవి ఉన్నాయి. కాగితం తాడుతో అల్లినవి ఉన్నాయి. షాపాయన ఒక్కో కుర్చీ హాయి గురించి చెబుతున్నాడు. ఆయనకేం తెలుసు? నాకు కావలసింది కూర్చోవడానికి హాయిగా ఉండే కుర్చీ కాదు. లేవడానికి అవమానంగా ఉండే కుర్చీ. అందుకే మా ఆవిడను ఎదురుగా నిలబెట్టి ఒక్కోదాన్నీ పరీక్షించాను.

"అను. గట్టిగ అను."

"జర లే."

లేచాను. "నా మొఖమెట్లయింది?"

"ఎప్పటి లెక్కనే ఉన్నది."

"అయితే గిది పనికిరాదు. ఇంకోటి."

"ఏందయ్యా, కుర్చీలు కొంటున్నవా, గుంజీలు తీస్తున్నవా? షాపాయన నవ్వుతుండు. నాకు సిగ్గయితాంది."

చివరికి గడ్డి అల్లిక కుర్చీ ఒకటి దొరికింది. సీటు కొంచెం లోపలికి దిగి ఉంది. లేవాలంటే ముందుకు వంగి, టేబుల్ పట్టుకొని, ఒక మూలుగు మూలిగితే గానీ లేవలేం. "ఇప్పుడు బాగయింది నీ మొఖం" అంది మా ఆవిడ. అలాంటివి నాలుగు తీసుకున్నాను. "మూడు తరాలు వీటి మీద భోంచేశాయి సార్, ఇటలీలో" అన్నాడు షాపాయన, బిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు కుర్చీ వీపు నిమురుతూ. నాలుగింటినీ ఆటో ట్రాలీలో కట్టించుకొని నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగితే ఊరంతా చుట్టూ మూగింది. ఇద్దరు దండం కూడా పెట్టారు.

ఆదివారం భోజనానికి రమ్మని సడ్డకుడికి ఫోన్ చేశాను. శనివారం పొద్దున బజారుకు పోయి వచ్చేసరికి, మా వాకిట్లో ఎండలో నాలుగు కుర్చీలు. పక్కన పొయ్యి మీద గుండిగ. అందులో సలసల కాగే నీళ్లు. ఒక కుర్చీ మాత్రం సీటు ఊడి, నాలుగు కర్రల చట్రంగా నిలబడి ఉంది.

"ఏం జేసినవమ్మా!"

"నల్లులుండవార? పాతది ఇంట్లకొస్తే కాగే నీళ్లు పొయ్యకుంటెట్ల? మూడు తరాలు కూసున్నరని నువ్వే అంటివి. ఎవలు కూసున్నరో, ఎవలు సచ్చిన్రో!"

మా దిక్కు పాత మంచానికి చేసే వైద్యం అది. కాగే నీళ్లు పోస్తారు, మంచం కోళ్లు పట్టుకొని నేలకేసి నాలుగు దెబ్బలు కొడతారు, నల్లులు జలజల రాలుతాయి. అమ్మ ఆ లెక్కన మొదటి కుర్చీకి నీళ్లు పోసి కొట్టింది. నల్లులు రాలలేదు. ఇటలీ రాలింది.

నేను నెత్తి పట్టుకొని కూర్చున్నాను. రేపే ఆదివారం. వచ్చేది సడ్డకుడూ ఆయన భార్యా, ఇంటివాళ్లం నేనూ మా ఆవిడా. నాలుగు కుర్చీలకు నలుగురం. మూడే ఉంటే ప్లాస్టిక్ కుర్చీ కలపాలి, అప్పుడు నవ్వేది ఆయన. అమ్మ మాత్రం కింద రాలిన గడ్డిని ఏరి, వాసన చూసి, రెండు వేళ్ల మధ్య పేనింది.

"ఓరి, గిది జమ్మురా! పానగల్లు చెర్ల ఉండేది. బర్రెలు గూడ ముట్టయి."

"అమ్మా, ఇది ఇటలీది."

"ఇటల్ల చెర్వులుండయా?"

బండి మీద పానగల్లు పోయి, చెరువు కట్ట కింద గుడిసె కప్పడానికి ఎవరో కోసి ఆరేసుకున్న జమ్మును బతిమాలి ఒక మోపు తెచ్చాను. అమ్మ దాన్ని తడి గోనెసంచిలో చుట్టి మెత్తబరిచింది. బాపు, అంటే మా నాన్న, మంచాలు అల్లే రోజుల్లో నులక పేని ఇచ్చేది అమ్మే. ఇప్పుడు కుర్చీని నన్ను పట్టుకోమని, రెండేసి ఆకులు కలిపి పేనుతూ, చట్రం చుట్టూ తిప్పుతూ, మిగతా మూడు కుర్చీల్ని చూసుకుంటూ అల్లింది. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ముక్కోణాలు వచ్చి నడుమ కలిశాయి. మధ్యలో రెండు సార్లు విప్పింది. "గుంజి పట్టురా, చాతగాదా? మీ బాపు గిట్ల పట్టుకుంటే మంచం కాదు, ఉయ్యాల అయ్యేది" అని తిట్టింది. పొద్దు గూకే లోపు కుర్చీ తయారైంది, కాస్త తడితో.

ఆదివారం సడ్డకుడు తెల్ల ప్యాంటు వేసుకొని భార్యతో వచ్చాడు. కుర్చీలు చూడగానే ఆయన ముఖంలో ఒక దీపం ఆరిపోయింది. నాకు కడుపు సగం నిండింది. ఆయన వంగి, ఒక్కో సీటును వేలితో కొట్టి, పెండ్లి చూపుల పెద్దమనిషిలా చుట్టూ తిరిగాడు.

"తమ్మీ, ఏమనుకోకు. గీ మూడు డూప్లికేట్. మిషన్ పని." నాలుగోదాని దగ్గర ఆగాడు. "గిది అసలు! చేతి పని. గిసొంటి పట్టు మన దిక్కోళ్లకు ఎన్నటికి రాదు. జర వాసన చూడు. ఆ దేశం వాసన."

అది పానగల్లు చెరువు బురద వాసన. అమ్మ అన్నం గిన్నె పట్టుకొని ఆ మాటలన్నీ విన్నది. సడ్డకుడు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. మా ఆవిడ మటన్ వడ్డించింది. ఆయన అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. ముద్ద లేచింది. ఏడాదిన్నర సాధన నా గొంతులోకి వచ్చింది.

"అన్నా, జర లే."

లేచాడు! టేబుల్ పట్టుకొని, మూలిగి మరీ లేచాడు. తెల్ల ప్యాంటు వెనక నాలుగు ముక్కోణాలు, పచ్చటి తడి అచ్చు, నడుమ చక్కగా కలిసి ఉన్నాయి. నేను ముందే తెచ్చి పెట్టుకున్న ఎర్ర ప్లాస్టిక్ స్టూలును గోడ పక్కన వేశాను. ఆయన కంచం పట్టుకొని వెళ్లి కూర్చున్నాడు.

ఇక నేను కోయాల్సింది కోసేస్తాను. షాపుకు పోయింది పదకొండు సార్లు కాదు, రెండు సార్లు. నార్కట్‌పల్లిలో ఎవరూ దండం పెట్టలేదు, ఒకాయన మాత్రం "పెండ్లి ఎవలింట్ల?" అని అడిగాడు. అసలైన అబద్ధం మాత్రం, ఆయన లేవడం. ప్యాంటు మీది అచ్చూ, స్టూలూ అన్నీ నా కల్పనే.

జరిగింది ఇది. "అన్నా, జర..." దాకా అన్నాను. వెనక నుంచి అమ్మ గరిటెతో నా భుజం మీద ఒకటి వేసింది.

"నోర్ముయ్. కంచం ముందట కూసున్న మనిషిని లేపుతార్రా ఎవలన్న?"

ఆమె నన్నే అన్నది. ఆయన దిక్కు చూడను కూడా లేదు. సడ్డకుడి చేయి మాత్రం నోటి దగ్గర ఆగిపోయింది. చాలాసేపు ఆగింది, ఇది పెంచి చెప్పడం లేదు. తర్వాత తల వంచుకొని తిన్నాడు. 'వింటేజ్' అనే మాట మళ్లీ ఎత్తలేదు. పోయేటప్పుడు "పోయొస్త చిన్నమ్మా" అన్నాడు, గడపను చూస్తూ.

ఆ కుర్చీ అల్లింది ఎవరో ఆయనకు చెప్పొద్దని అమ్మ ఆ రోజే నాతో ఒట్టు వేయించుకుంది. నోటితో చెప్పనని ఒట్టు వేశాను. రాయనని వేయలేదు. ఆయన ఏది చదివినా తన ఇంట్లోని ఇటలీ కుర్చీలో కూర్చునే చదువుతాడని వదినె చెబుతుంది.

అన్నా, చదివినవా? జర లే.