పూడిమడకలో త్రిశంకు కోసం

మా మిత్రబృందం ఏటా ఒక ఆకాశ మార్గదర్శి అచ్చు వేస్తుంది. ఏ నెలలో, ఎటు తిరిగి, ఏ చుక్కల్ని చూడాలో చెప్పే చిన్న పుస్తకం. దాని సంపాదకుడు రిటైరైన ఫిజిక్సు మాస్టారు. స్వయంగా చూడనిది అచ్చు కాదన్నది ఆయన నియమం. అందుకే దక్షిణాన బాగా కిందుగా కనిపించే త్రిశంకు మండలం (సదరన్ క్రాస్) మీద నా పేజీ రెండేళ్లుగా ఆయన సొరుగులో ఉంది. త్రిశంకుణ్ణి విశ్వామిత్రుడు ఆకాశంలో నిలబెట్టగలిగాడు గానీ, నేను పుస్తకంలో నిలబెట్టలేకపోయాను. మొదటి ఏడు మబ్బులు, రెండో ఏడు జ్వరం. మే దాటితే వానలు. ఈసారి చూడకుండా తిరిగి రాకూడదనుకున్నాను.

అమావాస్య మర్నాడు, సాయంత్రం నాలుగున్నరకి అనకాపల్లిలో అచ్యుతాపురం బస్సెక్కాను. సీటు కావాలంటే బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వెయ్యాలి. నేను ఆగాక ఎక్కాను కనుక నిలబడ్డాను. బెల్లం దిమ్మ ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన నా ట్రైపాడ్ సంచి చూశాడు.

"సర్వేకా బాబూ? రోడ్డేత్తారేటి?"

"కాదండి, చుక్కలు చూడ్డానికి."

"దానికి పూడిమడక దాకా ఎందుకు? మా ఊరి రోడ్డు మీద ఆటో ఎక్కు, పగలే కనిపిత్తాయి."

అచ్యుతాపురంలో దిగి పునుగులు తిన్నాను. మీరూ తినండి, తీరంలో ఆ వేళకి ఏమీ దొరకదు. అక్కణ్ణించి అప్పలరాజు ఆటో. చివరి బస్సు అందేలా వెనక్కి తీసుకొస్తానన్నాడు.

చీకటి పడేసరికి ఇసుకలో ఉన్నాను. ఫ్యాక్టరీల వెలుగు వెనకపడింది, ముందు సముద్రం, ఆకాశం శుభ్రంగా ఉంది. దక్షిణాన మాత్రం ఒక కర్రకి పెద్ద ఎల్ఈడీ లైటు వేలాడుతోంది. దాని కింద టార్పాలిన్ కప్పిన ఎండు నెత్తళ్ల చేపల కుప్ప, పక్కన కాపలాకి పైడమ్మ. చేతిని కళ్లకి అడ్డం పెట్టుకుని తిరుగుతున్న నన్ను చూసి ఆవిడకి జాలేసింది.

"ఏటి ఎతుకుతన్నావు బాబూ? ఏటైనా పడిపోనాదా?" అంటూ లైటు సరిగ్గా నా మొహం మీదికి తిప్పింది.

"పైన చూస్తున్నానమ్మా. ఆ లైటు కాసేపు ఆర్పితే..."

"ఆర్పితే కుక్కలు సేపలు తినేత్తాయి. రేపు సంతకి నీ సుక్కలట్టుకెళ్లమంతావేటి?"

వాదనలో బలం ఉంది. నేను కదల్లేదు. తొమ్మిదికల్లా త్రిశంకు నడినెత్తికి కాదు గానీ, తనకి చేతనైనంత ఎత్తుకి, అంటే సముద్రం మీద జానెడు పైకి వస్తుంది. తర్వాత దిగడమే. కుక్కల్ని నేనే కాస్తానన్నాను. పైడమ్మ నన్ను కిందనించి పైకి చూసింది.

"నువ్వా? నిన్నే ఎత్తుకుపోతాయి."

"నానున్నాను కదత్తా!" అన్నాడు ఆటో దిగి వచ్చిన అప్పలరాజు. "ఆర్పీయే, సారు రెండేళ్ల నుంచీ తిరగతన్నాడట."

ఒప్పందం కుదిరింది. అప్పలరాజు ఒక పక్క కర్రతో, పైడమ్మ ఇంకో పక్క. నా చేతికి ఒక రేకు డబ్బా, పుల్ల ఇచ్చారు. మోత ఆగితే లైటు వెలుగుతుంది.

లైటు ఆరింది. నేను డబ్బా వాయిస్తూ దక్షిణానికి తిరిగాను. కళ్లు అలవాటు పడ్డాక, నీళ్ల మీద నాలుగు చుక్కలు, కాస్త పక్కకి ఒరిగిన గాలిపటంలా. ఎడమ పక్క, దాన్ని వేలెత్తి చూపిస్తున్నట్టు మరో రెండు. మోత ఆగిపోయింది.

"వాయించు!" అని అరిచింది పైడమ్మ.

వాయించాను. ట్రైపాడ్ సంచి విప్పలేదు, రెండు చేతులూ ఖాళీ లేవు. కాసేపటికి ఆవిడా తలెత్తింది.

"ఇదా? ఇది రోజూ ఉండేదే కదా?"

"లైటు లేకపోతే."

ఆవిడ లైటు వెలిగించడానికి తొందరపడలేదు. చివరికి, "పుస్తకంలో ఏస్కో. వచ్చినోలు మాత్రం డబ్బా ఆలే తెచ్చుకోవాల" అంది.

చివరి బస్సులో సీటు దొరికింది, రుమాలు అవసరం లేకుండానే. సొరుగులోని పేజీని పక్కనపెట్టి మొత్తం మళ్లీ రాశాను. పూడిమడక, మే నెల, అమావాస్య రోజులు, దక్షిణం. బైనాక్యులర్ ఉంటే మంచిదే. రేకు డబ్బా తప్పనిసరి. వాయించడం ఆపకండి.