మైనంలో ఇనుప పడుగు పోసిన సారు

మా సైన్సు సారు పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. డోర్నకల్ స్టేషన్‌లో పొద్దుటి ప్యాసింజరు దిగిన మా ఆఫీసు గుమాస్తా, సంచి భుజం మార్చుకుంటూ, "మీ వరంగల్ సైన్సు సారు పోయిండట గద. నీకెవ్వలు చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎవరి మీదో వరంగల్ బండెక్కి కేసముద్రం చేరేలోపే తెలిసింది, నా మీదే. ఎందుకో చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకోవడం నావల్ల కావడం లేదు.

సారు మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. డెబ్బైల్లో మాకు సైన్సు చెప్పేవారు. అయస్కాంతం పాఠం రాగానే ఏ మాస్టరైనా కాగితం మీద ఇనుప రజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి, గీతలు చూపించి, కాగితం దులిపేస్తాడు. సారుకు ఆ దులపడమే గిట్టేది కాదు. "గింత ముద్దుగ నిలబడ్డయి, కూలగొడ్తమా?" అనేవారు. అందుకని లేతు షాపు నుంచి తెచ్చిన రజనును కరిగిన మైనంలో కలిపి, చెక్క అచ్చులో పోసి, అటూ ఇటూ పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతాలు పెట్టేవారు. మైనం చల్లారేలోపు రజను తనంతట తానే వరుసలు కట్టేది, అచ్చం మగ్గం మీద పడుగు దారాలు పోసినట్టు. మాలో ఎవడైనా పుల్లతో సర్దబోతే చేతి మీద ఒక్కటి పడేది. "మనం పేర్చొద్దురా. జర జాగ, జర టైము ఇయ్యాలె. అవే పేర్సుకుంటయి."

లెక్కలు రాని పిల్లల గురించీ ఆయన ఇదే మాట అనేవారు. మైనం విషయంలో అంత ఓపిక ఉన్న మనిషికి మిగతా దేని మీదా ఓపిక లేదు. చాక్‌పీసు విరిగితే కోపం, గంట ముందే కొడితే కోపం. మా బాపు నన్ను కేసముద్రం మార్కెట్‌లో పత్తి బస్తాల పనికి పెడదామనుకున్నప్పుడు మూడుసార్లు మా ఇంటికొచ్చి పోట్లాడి, నన్ను డిప్లొమాకు పంపింది ఆ కోపమే. ఈ రోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే.

ఆయన పట్టంతా ఒక్కటే. గీతలు పొడుగునా ఉన్న మైనం ముక్క, గీతలు అడ్డంగా ఉన్న ముక్క కన్నా ఎక్కువ బరువు మోస్తుందని. సైన్సు ఎగ్జిబిషన్‌లో పెడితే, చూడొచ్చిన పెద్దమనిషి "బాగుందండీ, పూల డిజైన్‌లా ఉంది" అని ముందుకెళ్లిపోయాడు. సారు ముఖం మాడిపోయింది. "బొమ్మ చూసిండు. విరిచి చూడలే," అని దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నారు.

నేను డిప్లొమాకు వేరే ఊరు వెళ్లేటప్పుడు పాత చీర ముక్కలో చుట్టిన పన్నెండు ముక్కలు నా పెట్టెలో పెట్టారు. ఆరు పొడుగు గీతలవి, ఆరు అడ్డ గీతలవి. "మీ కాలేజ్‌ల విరిచే మెషీన్ ఉంటదట. నేను చేస్తే అది నా ముచ్చట. ఇంకొకడు చేసి చూస్తేనే అది నిజం," అన్నారు.

ఆ ఇంకొకడిని నేను. ల్యాబు ఇన్‌ఛార్జిని ఒక్కసారి అడిగాను. "మైనం అంటుకుంటే మెషీన్ ఎవడు కడుగుతడు?" అని కసిరాడు. మళ్లీ అడగలేదు. సారు మాత్రం నెలనెలా కార్డు రాసేవారు: "మెషీన్ ఖాళీ అయినదా?" పరీక్షల ముందు వచ్చిన కార్డు చూసి నాకు చిరాకెత్తింది. "అయింది సార్. పొడుగు గీతల ముక్క అడ్డ గీతల దానికి మూడింతలు మోసింది," అని రాసి పడేశాను. మూడింతలు అని ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. సంతోషిస్తారనుకున్నాను.

సంతోషించారు కూడా. స్టాఫ్ రూములో అందరికీ మిర్చి బజ్జీలు పంచారట. తర్వాత ఇంకో కార్డు వచ్చింది: "ఇంట్ల నేను గూడ బకెట్ వేలాడదీసి చూసిన. ఒకటిన్నర కన్న ఎక్కువ వస్తలేదు. ఎక్కడ తప్పు చేస్తున్ననో?" అప్పుడైనా చెప్పాల్సింది. "బకెట్ ఊగుతుందేమో చూడండి సార్," అని రాశాను. ఉద్యోగం వచ్చాక ఒకసారి వాళ్లింటికి వెళితే, అన్నం తింటున్నంతసేపూ తన అరచేతులు చూసుకుంటూ, "నా చేతులల్లనే ఏదో తేడా ఉన్నది రా," అన్నారు. తేలు కుట్టిన దొంగలా పప్పు కలుపుకుని తిని వచ్చేశాను. ఆ తర్వాత ఎనభైల్లో ఎన్నోసార్లు వరంగల్ మీదుగా పోయాను. దిగలేదు.

ఇప్పుడు దిగాను. అమ్మ, అంటే సారు భార్య, ఏడవలేదు. ఒక లావుపాటి నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ప్రతి పేజీలోనూ సారు చేతిరాత. మైనం ఎంతసేపు చల్లారింది, ముక్క విరిగేదాకా బకెట్‌లో ఇసుక ఎన్ని గ్లాసులు పట్టింది. అడ్డ గీతలది పన్నెండు గ్లాసులు. పొడుగు గీతలది పద్దెనిమిది, పంతొమ్మిది, మళ్లీ పద్దెనిమిది. అడుగున ఎర్ర సిరాతో: "బకెట్ గోడకు ఆనించిన. మూడింతలు రాలే." "మైనం మార్చిన. రాలే." "మెషీన్ అబద్ధం చెప్పది. తప్పు నాదే." ఏళ్ల తరబడి ఇదే.

"నువ్వు మెషీన్ మీద చేసినవు గద బిడ్డా," అంది అమ్మ. "ఆయన ఎక్కడ తప్పు చేసిండో నువ్వన్న చెప్పు."

నోటుబుక్కు మూసి పక్కన పెట్టాను. చెప్పాను. మెషీన్‌లో ఏ ముక్కా పెట్టలేదని, మూడింతలన్నది నేను పుట్టించిన మాట అని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె లేచి వెనక గదిలోకి నడిచింది. అక్కడ రెండు స్టూళ్ల మీద ఒక మైనం ముక్క వంతెనలా పెట్టి ఉంది. దానికి ఖాళీ బకెట్ వేలాడుతోంది. "పొడుగు గీతలదే. గా పొద్దు పెట్టి, ఇసుక తెస్తనని బయటికి పోయిండు. అరుగు మీదనే కూలిండు. చెయ్యి ఇగ," అంది.

నేను బయటి నుంచి ఇసుక తెచ్చి గ్లాసుతో పోశాను. ఆమె లెక్కపెట్టింది. పన్నెండు దాటింది. పదిహేను. పదిహేడు. పద్దెనిమిదో గ్లాసుకు ముక్క మధ్యలో సన్నని చీలిక కనిపించింది. పంతొమ్మిదోది పోస్తుండగా పుటుక్కున విరిగింది. బకెట్ బోర్లా పడి గదంతా ఇసుక పరుచుకుంది.

ఇన్నేళ్ల అలవాటు కాబోలు, అమ్మ చెయ్యి దానంతట అదే తలుపు మూలకు పోయింది. చీపురు తీసుకుని, వంగి, ఇసుక ఊడవడం మొదలుపెట్టింది.