జోడెద్దుల పంచాయతీ

నైజాం రోజుల్లో జహీరాబాద్ చుట్టుపక్కల ఎక్కడ తగవు వచ్చినా నన్నే పిలిచేవారు. పంచాయతీలు తెంపడమే నా పని. పరాయివాళ్ల మధ్య ఎన్నడూ జంకలేదు. నా భార్య తమ్ముళ్ల తగవుకు మొగుడంపల్లి బయలుదేరిన రోజు మాత్రం జంకాను.

తల్లి పోయాక ఆ అన్నదమ్ములు వేరుపడ్డారు. భూమి, గిన్నెలు, ఆఖరికి జోడెద్దులనూ చెరొకటి పంచుకున్నారు. బావి ఒక్కటే ఉమ్మడి. నీళ్లు తోడే మోట లాగాలంటే రెండెద్దులూ కావాలి. మాటా మాటా పెరిగి ఎవడి ఎద్దును వాడు కట్టేసుకున్నాడు. చెరకు ఎండుతోంది. పైగా చిన్నవాడు, రేపు సంతలో తన ఎద్దును అమ్ముతానని కబురు పంపాడు. నా భార్య అన్నం ముట్టలేదు.

"ఆ జోడి ఇరిగితే నాకు పుట్టిల్లు లేనట్టే. ఎట్లన్న జేసి ఆపుండ్రి" అంది.

ఇద్దరినీ బావి దగ్గర కూర్చోబెట్టాను. ఎదురుగా చెరకు ఆకులు పసుపుబారి వేలాడుతున్నాయి. పొద్దు వాలేదాకా బతిమాలాను, కోప్పడ్డాను. ఇద్దరూ చెరోదిక్కు తిరిగి కూర్చున్నారు. అయ్యో, ఉత్త చేతులతో ఆమె ముందుకు ఎట్లా పోవాలి? ఏమీ తోచక, అన్ని పంచాయతీల్లో అనే మాటే అనేశాను.

"గింత లొల్లి ఎందుకురా? ధర కట్టుండ్రి. ఎవరో ఒకరు రెండెద్దులు తీసుకోండ్రి."

ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"ధర కట్టుడా? మా అమ్మ చేత్తోని సాదిన కోడెలు బావా అవి!" అన్నాడు పెద్దవాడు.

అమ్ముతానన్న చిన్నవాడే నా మీదికి వచ్చాడు. "ధర కట్టెటందుకు నువ్వెవలవు? ఇంకోపారి మా గడప తొక్కకు!"

ఇంటికి వచ్చి, "చెడగొట్టి వచ్చిన" అన్నాను. ఆమె గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

మర్నాడు తెల్లవారగానే సంతకు పోయి, వచ్చిన ప్రతి ఎద్దునూ చూశాను. చిన్నవాడు వస్తున్నాడేమోనని దారి వంకే చూస్తూ నిలబడ్డాను. ఎండెక్కింది. వాడు రాలేదు. మొగుడంపల్లి నుంచి గడ్డిబండి తోలుకొచ్చిన రైతును అడిగాను.

"నీ బామ్మర్దులా? పొద్దుగాలనుంచి మోట కొడుతున్నరు. ఇద్దరు గలిసి నిన్ను ఒకటే తిట్టుడు!" అని నవ్వాడు.

సంతలో అందరి ముందూ ఏడ్చేశాను.

చెరకు గానుగ ఆడాక వాళ్లు అక్కకు బెల్లం పంపారు. "బావకు పెట్టొద్దన్నరు" అంటూనే ఆమె మొదటి ముక్క నా నోట్లో పెట్టింది. నన్ను మాత్రం ఆ ఇంటికి మళ్లీ పిలవలేదు. ఆమె ఏటేటా పుట్టింటికి పోయి వచ్చేది.