కొట్లో పంతులు, కాలేజీలో మేస్త్రి

వడ్రంగం కొట్లో అతన్ని అందరూ పంతులు అనేవాళ్ళు. కాలేజీలో మేస్త్రి అంటారు. ఎక్కడ ఏది కాదో అక్కడ ఆ పేరే అంటగట్టడం మనుషులకు బాగా చేతనైన పని.

పంతులు అన్న పేరు ఊరికే రాలేదు. జిగురు ఆరేదాకా మిగతావాళ్ళు కబుర్లలో పడితే అతను పుస్తకం తెరిచేవాడు. పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న పుస్తకాలవి. సగం వాటికి అట్టల్లేవు, కొన్నిటికి చివరి పేజీలే లేవు. ముగింపు లేని కథకు ముగింపు తనే కల్పించి, పక్కనే బీరువాకు రంగు రుద్దుతున్న వాడికి చెప్పేవాడు. ఆ రుద్దేవాడి పేరు పాలిష్. అసలు పేరు ఏమిటో జీతం ఇచ్చే యజమానికి కూడా వెంటనే గుర్తొచ్చేది కాదు.

పాలిష్ పుస్తకం పట్టుకుంటే రెండో పేజీలో కునుకు తీసేవాడు. వినడంలో మాత్రం వాడి తరవాతే ఎవరైనా.

"ఆగరా పంతులూ! ఆ ముసలాయన ఉత్తరం చించేశాడా, దాచాడా? అది చెప్పి చావు," అంటూ రంగుగుడ్డ గాల్లో పట్టుకుని నిలబడిపోయేవాడు. రంగు చుక్కలు చుక్కలుగా వాడి కాళ్ళ మీదే పడేది.

ఇద్దరూ కొట్టు అటక మీదే ఉంటూ, రంపప్పొట్టు బస్తాల మధ్య పంతులు పైకి చదువుతుంటే పాలిష్ వింటూ, ఒకే ఏడాది ఒకే బ్రాంచిలో సీటు తెచ్చుకున్నారు. ఇరవై రెండేళ్ళ వయసులో పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చున్నారు. మొదటి ఏడాదంతా అటక మీంచి రెండు బస్సులు మారి వెళ్ళారు. రెండో ఏడాదికి కాలేజీ వెనక వసతిగృహంలో ఇద్దరుండే గదులు ఇస్తామన్నారు. ఎవరితో ఎవరుంటారో ఫారంలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. "ఒకసారి ఇచ్చాక ఏడాది దాకా మార్పుల్లేవు. తరవాత వచ్చి నా బుర్ర తినొద్దు," అన్నాడు గుమస్తా.

పాలిష్ ఆ పూటే వెళ్ళి మూలగది చూసొచ్చాడు. గోడలు జానలతో కొలిచాడట. "కిటికీ పక్కన నీ పుస్తకాలకి ఒక అర కొడదాం. మొహం చూసుకునేలా నేను మెరుపు తెప్పిస్తా," అన్నాడు. తన సంతకం పెట్టేసి ఫారం పంతులు చేతికిచ్చాడు.

ఆ ఫారం నాలుగు రోజులు పంతులు జేబులోనే ఉంది.

ఎందుకున్నదంటే, ఆ మర్నాడు క్యాంటీన్లో జరిగింది ఇది. క్లాసులో డాక్టరుగారబ్బాయి అని ఒకడున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి బయట ఇల్లు తీసుకున్నాడు. ఆ ఇంట్లో గోడ నిండా పుస్తకాలున్నాయని పంతులు విన్నాడు. ఆరోజు ఆ ముగ్గురూ అతని బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు. డాక్టరుగారబ్బాయి ఒక నవల పేరెత్తాడు. పంతులు అది చదివాడు, చివరి పేజీలతో సహా! చదివిన పుస్తకం గురించి, అది చదివిన ఇంకో మనిషితో మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

సరిగ్గా అప్పుడే పాలిష్ వచ్చి బల్ల మీద ఫెడీమని చరిచాడు. ఒంగి అడుగున చూశాడు. "ఒరే పంతులూ! ఇది చెక్క కాదురా, పొట్టుని అతికించి మోసం చేశారు!" అని క్యాంటీనంతా వినపడేలా అరిచి నవ్వాడు. వాడి గోళ్ళకు పట్టిన గోధుమరంగు ఏ సబ్బుకూ పోదు. ఆ వేళ్ళతోనే పంతులు ముందున్న గ్లాసు లాక్కుని గటగటా నీళ్ళు తాగాడు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంతులుకు తల తీసేసినట్టయింది. ఈ గోళ్ళతో, ఈ అరుపులతో ఇంకో ఏడాదా? గదిలోనూ ఆ రంగు వాసనేనా? అటక దిగి వచ్చింది మళ్ళీ అటక ఎక్కడానికా?

మూడో రోజు డాక్టరుగారబ్బాయి వచ్చి పంతులు భుజం మీద చెయ్యి వేశాడు. "మా ఇంట్లో నాలుగోవాడికి చోటుంది. వస్తావా? పుస్తకాలున్నాయి, నీకు పొద్దుపోతుంది."

పంతులు ఆలోచించినట్టు నటించాడంతే.

పాలిష్‌తో నిజం చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. "ఒకే బ్రాంచివాళ్ళని ఒకే గదిలో ఉంచరటరా. ఆఫీసులో రూలు పెట్టారు. నేను వేరే చూసుకోవాల్సిందే," అన్నాడు, చెప్పుల వైపు చూస్తూ.

పాలిష్ గోరుకు పట్టిన రంగు గీక్కున్నాడు. "రూలయితే ఏం చేస్తాం?" అన్నాడు.

కొత్త ఇంట్లో మొదటివారం తలుపు బిగుసుకుంటోందన్నారు. పంతులు చిత్రిక తెచ్చి, అంచు పలచబడేలా రెండు వరసలు పట్టాడు. రెండోవారం గది ఇరుకన్నారు. ఒక దాని మీద ఒకటి ఉండేలా రెండు జతల మంచాలు చేశాడు. తలుపులోంచి పట్టవని గదిలోనే కూర్చి బిగించాడు. మూడోవారం బట్టల అర. అన్నిటికీ "అబ్బ, ఏం చెయ్యి రా నీది!" అనేవాళ్ళు. ఆ మాట కోసమే అతను ఆదివారాలు రంపం ముందు కూర్చున్నాడు. పుస్తకాల గోడ దగ్గరికి మాత్రం నెల తిరిగాక గానీ వెళ్ళలేకపోయాడు. తీసి చూస్తే సగానికి సగం పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. డాక్టరుగారి నాన్నగారి కాలంనాటి పుస్తకాలవి, ఇంటినుంచి తెచ్చి పెట్టినవి. మనవడు వాటి వీపుల మీది పేర్లు మాత్రమే చదివాడు.

ఒక సాయంత్రం ఆ ముగ్గురి కోసం స్నేహితులు నలుగురైదుగురు వచ్చారు. మాట పుస్తకాల మీదికి మళ్ళింది. ఎవరో ఒక కథ ముగింపు తప్పు చెప్పారు. పంతులు నేల మీద కూర్చుని కుర్చీ కాలు బిగిస్తున్నాడు. తలెత్తి, "కాదండీ, చివరికి ఆమె వెనక్కి రాదు. వస్తుందని అతను అనుకుంటాడు, అంతే," అన్నాడు.

వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి అడిగింది, "ఈయన కూడా మీ క్లాసేనా?"

"క్లాసే. కానీ ముందు మా మేస్త్రి," అన్నాడు డాక్టరుగారబ్బాయి. అందరూ నవ్వారు. "మేస్త్రీ, కథ సంగతి మేం చూసుకుంటాం గానీ ఆ కుర్చీ కూలకుండా చూడు."

పంతులు కూడా నవ్వాడు. ఆ నవ్వు తలచుకుని తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకున్నాడో లెక్కలేదు.

మూడు నెలలకు, పనులన్నీ అయ్యాక, డాక్టరుగారబ్బాయి చిన్నాన్న కొడుకు వస్తున్నాడన్నారు. "నువ్వు హాల్లో సర్దుకోవా మేస్త్రీ? మీకు అలవాటే కదా." తను చేసిన మంచం మీంచి తన పరుపు తనే దింపుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వసతిగృహానికి వెళ్ళాడు. మూలగది తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన కొత్త అర కనిపించింది. పని మోటుగా ఉంది, మెరుపు మాత్రం మొహం చూసుకునేలా ఉంది. పాలిష్ లేచి కుర్చీ లాగి వేశాడు.

"రారా, కూర్చో. చిక్కిపోయావేం?"

"ఆ రెండో మంచం ఎవరిదిరా?"

"లెక్కల బ్రాంచి కుర్రాడిది. మంచోడు. గురక పెడతాడనుకో, నాకేం, నేనూ పెడతాగా."

పంతులు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆఫీసులో అడిగి చూద్దామా? వాడికి వేరే గది చూపించి, మనిద్దరం..."

"ఎలా కుదురుతుందిరా? ఒకే బ్రాంచివాళ్ళం. రూలు ఒప్పుకోదుగా."

వాడు నవ్వుతున్నాడేమో అని పంతులు తలెత్తి చూశాడు. నవ్వడం లేదు.

"నువ్వు చెప్పిన మర్నాడే వెళ్ళానురా, గుమస్తా కాళ్ళావేళ్ళా పడదామని," అన్నాడు పాలిష్. "ఆయన కళ్ళజోడు పైకెత్తి, 'ఏ రూలయ్యా?' అన్నాడు. ఏం చెప్పను? పొరబడ్డానని వచ్చేశా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఇంకో రూలు చెప్పేవాడివి."

బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. పాలిష్ రెండు గ్లాసుల్లో టీ పోశాడు. గోళ్ళు అలాగే ఉన్నాయి. అర మీద ఒక పుస్తకం ఉంది, అట్ట లేనిది. అందులో చీటీ పెట్టి ఉంది, రెండో పేజీ దాటి చాలా దూరంలో.

అంతలో లెక్కల కుర్రాడు వచ్చి గుమ్మంలో ఆగాడు. "ఎవరు వీరు?"

పంతులు పాలిష్ మొహంలోకి చూశాడు. ఆరేళ్ళుగా వాడి నోట వచ్చే పేరు ఒకటే.

"మా కొట్లో కలిసి పనిచేసేవాళ్ళం," అన్నాడు పాలిష్ టీ ఊదుకుంటూ. "మేస్త్రి. మంచి పనివాడు."

"అయితే కాస్త ఈ కిటికీ చూస్తారా అన్నా? ఎంత లాగినా మూసుకోవట్లేదు."

పంతులు లేచాడు. రెక్క మీద చెయ్యి పెట్టి కింది అంచు వేలితో తడిమాడు. టీ అక్కడే చల్లారుతోంది.

"తేమకి ఉబ్బింది," అన్నాడు. "రేపు చిత్రిక తెస్తాను."